మసక ఫొటోల లెక్క: కొత్త డీఎస్‌ఎల్‌ఆర్‌తో పది వారాలు

మొదలు: 312 ఫొటోలు, ఆల్బమ్ షాపు

అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌లో 312 ఫొటోలు తీశాను. కెమెరా వెనక తెర మీద అన్నీ బాగున్నాయి. వాట్సాప్‌లో పంపితే చుట్టాలందరూ బాగున్నాయన్నారు. ఆల్బమ్ షాపు కుర్రాడు మాత్రం మొదటి ఫొటో కంప్యూటర్‌లో తెరిచి, మౌస్ చక్రం రెండుసార్లు తిప్పి, "ఇది షీటుకి నిలబడదు సార్" అన్నాడు. రెండోది తెరిచాడు. మూడోది తెరిచాక ఏమీ అనలేదు, నా మొహం చూశాడంతే.

అతను చెప్పింది నిజం. ఆల్బమ్ షీటు 12×36 అంగుళాలు. మడతకి ఒక పక్కన 12×18 వస్తుంది. నా కెమెరా 24 మెగాపిక్సెల్, అంటే 6000×4000. దాన్ని 12×18కి పరిస్తే అంగుళానికి 333 పిక్సెళ్లు. మంచి ప్రింటుకి 300 కావాలి. దాచుకోవడానికి చోటే లేదు. ఫోన్ తెర మీద కనపడని వణుకంతా షీటు మీద కనపడుతుంది.

"ఒరేయ్, ఫోన్‌లో బానే ఉన్నాయి కదరా" అంది అక్క. ఆ మాటతో సరిపెట్టుకోవచ్చు. నేను సరిపెట్టుకోలేదు, అందుకే ఈ డైరీ.

సామాను: 1.5 క్రాప్ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కంటే ఒకటిన్నర రెట్లు చిన్నది) ఉన్న మధ్యరకం బాడీ, అంటే లెన్స్ లేని కెమెరా, 50 ఎంఎం ఎఫ్/1.8, 18-140, 70-300 లెన్సులు, 1,800 రూపాయల ట్రైపాడ్. కంపెనీ పేరు రాయను. తప్పుల్లో ముప్పాతిక నావే. మిగతావి ఏ కంపెనీ కెమెరాలోనైనా ఎదురయ్యేవే.

దశ 1: మసకని విడగొట్టడం

నేను చేసిన మొదటి తప్పు, "లెన్స్ బాలేదు" అని తేల్చేసుకుని కొత్త లెన్సుల రేట్లు చూడటం. రెండు రోజులు అలాగే పోయాయి. తర్వాత కుదురుగా కూర్చుని 312 ఫొటోలనీ ఒక్కొక్కటిగా 100 శాతం సైజులో తెరిచి, మసక ఎలా ఉందో చూసి నాలుగు ఫోల్డర్లలో వేశాను.

1. ఫొటో అంతా ఒకే దిక్కుకి సాగిపోయి, సీరియల్ బల్బులు గీతల్లా కనపడితే: చెయ్యి వణికింది.
2. వెనక డెకరేషన్ పదునుగా ఉండి మనిషి మాత్రమే చెదిరితే: మనిషి కదిలాడు.
3. ముందుదో వెనకదో ఇంకేదో పదునుగా ఉండి, కావలసింది మసకైతే: ఫోకస్ తప్పింది.
4. ఎక్కడా పదును లేదు, దిక్కూ లేదు, అంతా పాలపొర కప్పినట్టుంటే: అద్దం, ఫిల్టర్, మురికి, ఇంకేదైనా.

లెక్క: చెయ్యి వణికినవి 74. మనిషి కదిలినవి 83. ఫోకస్ తప్పినవి 79. పాలపొరవి 15. నిఖార్సైనవి 61.

మూడో ఫోల్డర్ చూస్తే నవ్వొచ్చింది. ఒక ఫొటోలో అక్షింతలు వేస్తున్న పెదనాన్న చెయ్యి అద్భుతంగా వచ్చింది. గోళ్ల గీతలు లెక్కపెట్టొచ్చు, అక్షింతల మీద పసుపు కనపడుతోంది. ఆ చేతి వెనక పిల్ల మొహం మైనపు బొమ్మలా ఉంది. ఫోకస్ పాయింట్ ఎంచుకునే పని కెమెరాకే వదిలేశాను. అలా వదిలేస్తే అది చాలాసార్లు అన్నిటికంటే దగ్గర ఉన్నదాన్నే పట్టుకుంటుంది.

ఒకటీ రెండూ ఫోల్డర్లలోని ఫొటోల వివరాలు తీసి చూస్తే చాలావాటికి షట్టర్ స్పీడ్, అంటే షట్టర్ తెరిచి ఉండే సమయం, సెకనులో 1/30 నుంచి 1/60 వంతు. వెలుగుని ఎంత పెంచి పట్టాలో కెమెరాయే చూసుకునే ఆటో ఐఎస్ఓకి 1600 హద్దు పెట్టింది నేనే, గ్రెయిన్ (ఇసుకలాంటి చుక్కలు) వస్తుందన్న భయంతో. వెలుగు చాలక కెమెరా షట్టర్‌ని నెమ్మది చేసింది. దాన్ని అనడానికి లేదు.

ఇప్పటిదాకా: ఖర్చు 0. షార్ప్ 312లో 61.

దశ 2: గోడ మీద పేపరు

మనిషిని, చేతిని పక్కనపెట్టి ముందు కెమెరా, లెన్స్ ఎంత ఇవ్వగలవో చూడాలి. పరీక్ష చార్టు కొనలేదు. తెలుగు పేపర్లో చిన్న ప్రకటనల పేజీ చాలు. మన లిపి ఈ పనికి పుట్టినట్టుంటుంది. ద కింద చిన్న నిలువు గీత పడితే ధ. ప కింద పడితే ఫ. లెన్స్ మసకగా ఉంటే మొట్టమొదట కలిసిపోయేది ఆ గీతే.

50 ఎంఎం లెన్స్‌ని 2.5 మీటర్ల దూరంలో పెడితే ఫ్రేములో దాదాపు 115 సెంటీమీటర్ల వెడల్పు పడుతుంది. అంటే ఒక పిక్సెల్‌కి గోడ మీద 0.19 మిల్లీమీటర్లు. ధ కింది గీత అర మిల్లీమీటరు పొడవుంటుంది, అంటే రెండు మూడు పిక్సెళ్లు. సరిగ్గా హద్దు మీద ఉంది. పరీక్షకి అదే కావాలి.

చేసిన పద్ధతి:

1. ఫ్రేము మధ్యలో ఒక పేజీ, నాలుగు మూలల్లో నాలుగు ముక్కలు టేపుతో అతికించాను.
2. మధ్యలో వత్తు గీత ఉన్న 20 అక్షరాలకి పెన్సిల్‌తో సున్నాలు చుట్టాను. మూలల్లో మరో 20.
3. కెమెరా గోడకి ఎదురుగా నిటారుగా ఉందో లేదో చూడటానికి, గోడకి చిన్న అద్దం ఆనించి వ్యూఫైండర్‌లోంచి (కన్ను ఆనించి చూసే కంత) చూశాను. నా లెన్స్ ప్రతిబింబం సరిగ్గా మధ్యలో కనపడేదాకా ట్రైపాడ్ జరిపాను. మొదటిసారి ఈ పని చేయక ఎడమ మూల మసకకి లెన్స్‌ని తిట్టాను. నిజానికి కెమెరా వంకరగా ఉంది.
4. ఐఎస్ఓ 100, 2 సెకన్ల టైమర్. ఫోకస్ లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద చూస్తూ. తర్వాత లైవ్ వ్యూ ఆపేసి ఫొటో.

మొదటిరోజు ఫలితాలు చెత్త. ట్రైపాడ్ మీద పెట్టినా 1/15 దగ్గర 20లో 9 అక్షరాలే చదవగలిగాను. మధ్య కడ్డీ పూర్తిగా పైకి లాగి ఉంది, దించాను: 11. లెన్స్‌లో స్టెబిలైజర్ (చేతి వణుకుని సర్దే ఏర్పాటు) లేదు కాబట్టి ఆ అనుమానం లేదు. మీ లెన్స్‌లో ఉంటే ట్రైపాడ్ మీద ఆపేయండి. కడ్డీ కింద కొక్కేనికి రెండు కిలోల బియ్యం సంచి వేలాడదీశాను: 12. ఇక తోచక కుర్చీలో కూర్చుని గోడవైపు చూస్తుంటే అప్పుడు కనపడింది. పేపర్ అంచు సన్నగా రెపరెపలాడుతోంది. పైన ఫ్యాన్ తిరుగుతోంది. మూడు గంటలు కెమెరాని అనుమానించాను, కదులుతున్నది పేపరు!

ఫ్యాన్ ఆపి, పేపరు నాలుగు అంచులా టేపు వేశాక: 19. చెమటలు కారుతున్నా ఆ అంకె చూసి ప్రాణం లేచొచ్చింది. ఆ మిగిలిన ఒకటి మిర్రర్ ఎగరడం వల్ల. వ్యూఫైండర్‌లోంచి తీసినప్పుడు లోపలి అద్దం పైకి కొట్టుకుంటుంది. 1/4 నుంచి 1/60 మధ్య ఆ దెబ్బ బాగా కనపడుతుంది. మిర్రర్ ముందే లేపి ఉంచితే 20కి 20.

ఇప్పటిదాకా: టేపు 40, స్టీలు స్కేలు 70. మొత్తం 110.

దశ 3: ఏ అపర్చర్ దగ్గర పదును?

అదే పేపరు, అదే ట్రైపాడ్. అపర్చర్, అంటే లెన్స్ లోపలి రంధ్రం సైజు, మాత్రమే మార్చాను. ఎఫ్ పక్క అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది. ముందు మధ్యలో చదవగలిగిన అక్షరాలు, తర్వాత మూలల్లోవి:

- ఎఫ్/1.8: 13, 4
- ఎఫ్/2.8: 18, 11
- ఎఫ్/4: 20, 16
- ఎఫ్/5.6: 20, 19
- ఎఫ్/8: 20, 19
- ఎఫ్/11: 19, 18
- ఎఫ్/16: 16, 16
- ఎఫ్/22: 11, 11

ఎఫ్/22 దగ్గర పడిపోవడం నాకు ఎదురుదెబ్బ. రంధ్రం ఎంత చిన్నదైతే అంత పదును అని ఎక్కడో విని, గుడి గోపురాలన్నీ ఎఫ్/22లో తీస్తూ వచ్చాను. కారణం వెలుగు గుణంలోనే ఉంది. సన్నని రంధ్రంలోంచి దూరేటప్పుడు వెలుగు విచ్చుకుంటుంది. ఒక చుక్క చుక్కగా కాక చిన్న బిళ్లగా పడుతుంది. ఎఫ్/16 దగ్గర ఆ బిళ్ల అడ్డం 21 మైక్రాన్లు. నా సెన్సర్‌లో ఒక పిక్సెల్ 3.9 మైక్రాన్లు. ఒక చుక్క ఐదు పిక్సెళ్ల మీద పరుచుకుంటే ధ కింది గీత ఎక్కడ నిలుస్తుంది?

మార్చినది: కదలనివాటికి ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8. మనుషులకి ఎఫ్/2.8 నుంచి ఎఫ్/4. ఎఫ్/1.8 వెలుగు మరీ లేనప్పుడే. ఎఫ్/16 దాటడం మానేశాను.

దశ 4: కొండపల్లి బొమ్మలు, ఫోకస్ తప్పు

ఈ దశకి రెండు వారాలు పట్టింది. అందులో ఒక వారం దండగ.

కొండపల్లి బొమ్మలు ఐదింటిని బల్ల మీద ఏటవాలుగా, ఒకదాని వెనక ఒకటి పెట్టాను. 50 ఎంఎం, ఎఫ్/1.8, మీటరు దూరం. మధ్యలో ఉన్న గీతకార్మికుడి మీద ఒకే పాయింట్‌తో ఫోకస్. పది ఫొటోల్లో ఎనిమిదింట్లో పదునుగా వచ్చింది అతని ముందున్న ఎద్దుబండి. అదే లైవ్ వ్యూలో తీస్తే పదికి పది గీతకార్మికుడే.

ఇది చెయ్యి తప్పు కాదు. డీఎస్‌ఎల్‌ఆర్‌లో వ్యూఫైండర్‌లోంచి చూసి తీసేటప్పుడు ఫోకస్ చూసే సెన్సర్ వేరు, ఫొటో పట్టే సెన్సర్ వేరు. ఆ రెండు దారుల పొడవులో వెంట్రుకంత తేడా ఉన్నా ఫోకస్ ముందుకో వెనక్కో పడుతుంది. లైవ్ వ్యూలో ఫొటో పట్టే సెన్సరే ఫోకస్ చూస్తుంది కాబట్టి ఆ తేడా రాదు. ఎఫ్/8లో ఈ తప్పు కనపడదు. ఎఫ్/1.8లో, మీటరు దూరంలో, పదునుగా ఉండే మందం మొత్తం మూడు సెంటీమీటర్ల లోపే.

ఎంత తప్పుతోందో కొలవడానికి స్టీలు స్కేలుని 45 డిగ్రీలు వంచి పెట్టాను. స్కేలు మీద 10 సెంటీమీటర్ల గీత మీద ఫోకస్ పెడితే ఒకసారి 7.5 దగ్గర, ఒకసారి 9 దగ్గర, ఒకసారి 11 దగ్గర పదును. పొంతన లేదు. ఇక్కడ రెండు తప్పులు చేశాను, మీరు చేయకండి.

ఒకటి, స్కేలు మీదే ఫోకస్ పెట్టడం. వ్యూఫైండర్‌లో కనపడే చదరం చిన్నది, కెమెరా నిజంగా చూసే జాగా దానికంటే పెద్దది. అది పక్కనున్న లావు అంకెని పట్టుకుంటోంది. ఫోకస్‌కి ఒక మందపాటి అట్ట మీద పేపరు అతికించి నిటారుగా నిలబెట్టాలి. స్కేలు దాని పక్కన వంచి పెట్టాలి, మధ్యలో ఒక గీత అట్టతో సమానంగా.

రెండు, రాత్రిపూట పసుపు బల్బు కింద కొలవడం. ఫోకస్ సెన్సర్ మీద వెలుగు రంగు ప్రభావం ఉంటుంది. ఫోకస్‌ని ముందుకో వెనక్కో జరపడానికి కెమెరా మెనూలో ఒక సవరణ అంకె ఉంటుంది. రాత్రి కొలతలతో అది +14 దాకా తేలింది. అది పెట్టుకుని పొద్దున వరండాలో తీస్తే ఫోకస్ వెనక్కి పోయింది. వారం దండగ అన్నది ఇదే.

పగటి వెలుగులో మళ్లీ మొదలుపెట్టాను:

1. ట్రైపాడ్, 2 మీటర్ల దూరం. 50 ఎంఎంకి 25 నుంచి 50 రెట్ల దూరం, అంటే సుమారు 1.25 నుంచి 2.5 మీటర్లు బాగుంటుంది.
2. ప్రతి ఫొటోకి ముందు లెన్స్ ఫోకస్‌ని చేత్తో చివరిదాకా తిప్పేయాలి. లేకపోతే కెమెరా ఉన్నచోటే ఉండిపోతుంది.
3. ఒక్కో సవరణ అంకెకి పది ఫొటోలు. ఒక్క ఫొటో చూసి తేల్చకూడదు.
4. స్కేలు మీద వచ్చిన కొలతని 0.7తో గుణిస్తే అసలు లోతు వస్తుంది, స్కేలు 45 డిగ్రీలు వంగి ఉంది కాబట్టి.

సవరణ 0 దగ్గర స్కేలు మీద సగటున 5 సెంటీమీటర్లు ముందుకి, అసలు లోతులో 3.5. +5 దగ్గర 1.4. +8 దగ్గర దాదాపు సున్నా. +10 దగ్గర వెనక్కి పోయింది. +8 పెట్టి వదిలేశాను. ఫోకస్ ముందుకి పడుతుంటే ప్లస్ వైపు, వెనక్కి పడుతుంటే మైనస్ వైపు. ఈ సదుపాయం చౌక బాడీల్లో తరచూ ఉండదు. లేకపోతే లైవ్ వ్యూ వాడటమో, బాడీ, లెన్స్ రెండూ సర్వీస్ సెంటర్‌కి ఇవ్వడమో.

బొమ్మల్ని మళ్లీ నిలబెట్టాను. పదింట్లో తొమ్మిదిసార్లు గీతకార్మికుడు. కుండ మీద తాడు పోగులు కూడా కనపడ్డాయి.

ఇంకో పాత అలవాటు కూడా ఇక్కడే పోయింది. మధ్య పాయింట్‌తో కంటి మీద ఫోకస్ పట్టి, మీట సగం నొక్కి ఉంచి, కెమెరా పక్కకి తిప్పి తీయడం. మీటరు దూరంలో 10 డిగ్రీలు తిప్పితే ఫోకస్ 15 మిల్లీమీటర్లు వెనక్కి జారుతుంది. ఎఫ్/1.8లో వెనకవైపు మనకున్న జాగా 14. కన్ను పోయి చెవి పదునుగా వస్తుంది. ఇప్పుడు పాయింట్‌నే కంటి మీదకి జరుపుతున్నాను. బొటనవేలికి అలవాటవడానికి నాలుగు రోజులు పట్టింది.

దశ 5: చెయ్యి

ఇది త్వరగా తేలింది. 50 ఎంఎంతో, నిలబడి, ఒక్కో స్పీడ్‌కి పది ఫొటోలు. 1/30లో 2 షార్ప్. 1/60లో 5. 1/125లో 8. 1/250లో 10.

పాత సూత్రం ప్రకారం ఫోకల్ లెంగ్త్‌ని (లెన్స్ మీద ఎంఎంలో ఉండే అంకె) 1.5తో గుణించి దాని పైన 1 వేయాలి. 50కి 1/75. నా చేతులకి అది చాలదు, రెట్టింపు కావాలి. మీ చెయ్యి మీరే కొలుచుకోండి. మూడంతస్తులు మెట్లెక్కి వచ్చి వెంటనే తీస్తే 1/125లో 8 కాస్తా 5 అయింది. మోచేతులు పక్కటెముకలకి ఆనించి, మూడేసి ఫొటోలు వరసగా తీస్తే మధ్యది తరచు బాగుంటుంది. మొదటిదానికి వేలి నొక్కుడు దెబ్బ తగులుతుంది.

దశ 6: డాబా మీద కూచిపూడి

మా అమ్మాయి సాయంత్రం డాబా మీద కూచిపూడి సాధన చేస్తుంది. 1/250 పెట్టి తీశాను. మొహం బాగుంది, చేతులు చెదిరాయి. లెక్క వేశాను: చెయ్యి సెకనుకి రెండు మీటర్లు కదిలితే 1/250లో 8 మిల్లీమీటర్లు జరుగుతుంది. 2.5 మీటర్ల దూరంలో అది 42 పిక్సెళ్లు. 1/1000లో కూడా 10 పిక్సెళ్లు. డాబా మీద ఆ వేళకి 1/1000కి ఐఎస్ఓ 12800 అడుగుతోంది. ఆ దారి మూసుకుపోయింది.

"నాన్నా, నువ్వు తాళం వినట్లేదు" అంది అమ్మాయి. నిజమే, నేను కెమెరా శబ్దం వింటున్నాను. తాళం చివరి దెబ్బ మీద అడుగు ముగుస్తుంది, ఒక క్షణం ఒళ్లంతా ఆగుతుంది. ఆ దెబ్బకి కొంచెం ముందు నొక్కితే 1/250 చాలు. మొదటిరోజు 40లో 6 షార్ప్. తాళం లెక్కపెడుతూ తీసిన మూడోరోజు 40లో 27.

మార్చినవి: ఆటో ఐఎస్ఓలో కనిష్ఠ షట్టర్ 1/250, గరిష్ఠ ఐఎస్ఓ 6400. ప్రింటులో గ్రెయిన్ ఇసుకలా కనపడుతుంది, అంతే. చెదిరిన మొహాన్ని మాత్రం సాఫ్ట్‌వేర్‌తో సరిగ్గా బాగుచేయడం కష్టం.

ఈ మార్పులన్నీ పెట్టుకుని బావమరిది గృహప్రవేశానికి వెళ్లాను. 184 ఫొటోలు: షార్ప్ 127, చెయ్యి 9, మనిషి కదలిక 31, ఫోకస్ 14, పాలపొర 3. కదలికవాటిలో సగం పాలు పొంగుతున్నప్పుడు అందరూ ఒకేసారి ముందుకి వంగినవి.

దశ 7: ఉచితంగా వచ్చిన ఫిల్టర్

పాలపొర ఫోల్డర్ మాత్రం అర్థం కాలేదు. తర్వాత చూస్తే అందులో ఎక్కువ 70-300తో తీసినవే. దాని మీద షాపువాళ్లు ఊరికే ఇచ్చిన యూవీ ఫిల్టర్ ఉంది. 300 ఎంఎం దగ్గర, డాబా మీంచి ఎదురింటి బోర్డు: ఫిల్టర్‌తో ఫోన్ నంబరులో 3, 8 ఒకేలా ఉన్నాయి. తీసేస్తే విడివిడిగా చదవొచ్చు. అదే ఫిల్టర్ 50 ఎంఎం మీద పెడితే పెద్ద తేడా లేదు, లెన్స్ పొడవు పెరిగేకొద్దీ బయటపడుతుంది.

ఫిల్టర్ తీసేసి హుడ్ (పక్క వెలుగు పడకుండా లెన్స్ ముందు బిగించే గొట్టం) కొన్నాను, 350. లెన్స్‌ని కండువాతో తుడిచే అలవాటుకి బదులు బ్లోయర్, 250.

ఇప్పటిదాకా: 710.

దశ 8: ఉప్పలపాడు

గుంటూరు పక్కనే ఉప్పలపాడు చెరువు. చలికాలంలో చెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు కిక్కిరిసి ఉంటాయి. 70-300ని 300 దగ్గర పరీక్షించడానికి ఇంతకంటే మంచి చోటు తెలియదు.

గట్టు మీద ట్రైపాడ్ పెట్టే బదులు స్కూటీ సీటు మీద కిలో శనగలు పోసిన గుడ్డసంచి వేసి, దాని మీద లెన్స్ ఆనించాను. ఆ 1,800 రూపాయల ట్రైపాడ్ కంటే గట్టిగా నిలబడింది. శనగలు ఇంటికొచ్చాక మళ్లీ డబ్బాలోకి వెళ్లాయి.

1/1000, ఎఫ్/8, కంటిన్యూయస్ ఫోకస్ (కదిలేదాన్ని వదలకుండా పట్టుకునే పద్ధతి). పొద్దున 6:40 నుంచి 8 దాకా 140 ఫొటోలు, షార్ప్ 96. టిఫిన్ చేసి వచ్చి 10:30 నుంచి 11:30 దాకా మరో 90, షార్ప్ 17. సెట్టింగులు అవే. వెలుగు పొద్దుటికంటే ఎక్కువ. ఫోకస్ మళ్లీ చెడిందనుకుని గట్టు మీదే స్కేలు తీశాను, మా అమ్మాయి నవ్వింది. తర్వాత లైవ్ వ్యూలో పది రెట్లు పెంచి చూస్తే తెలిసింది. గూడబాతు ముక్కు అంచు నీళ్లలో ప్రతిబింబంలా అలలు అలలుగా కదులుతోంది. పక్షి కదల్లేదు, మధ్యలో గాలి మరుగుతోంది. ఎండకి వేడెక్కిన నేల, నీరు, పైన చల్లగాలి కలిసి వెలుగుని వంచేస్తాయి. ఆ 17లో 15 ఒడ్డుకి దగ్గరగా, ఇరవై అడుగుల్లో ఉన్న కొంగలవే. దూరపువి రెండే. దీనికి మెనూలో సవరణ లేదు, పొద్దున్నే లేవాలి, లేదా దగ్గరికి వెళ్లాలి.

దశ 9: మళ్లీ ఆల్బమ్ షాపు

గృహప్రవేశం ఫొటో ఒకటి, ఎర్రకాళ్ల కొంగ ఒకటి 12×18 ప్రింటు వేయించాను. ఒక్కోటి 150. కుర్రాడు ఈసారీ మౌస్ చక్రం తిప్పాడు. కొంగ కంటి దాకా వెళ్లి ఆగాడు. "లెన్స్ మార్చారా సార్?" అన్నాడు. లేదన్నాను. ఓణీల ఫంక్షన్ ఆల్బమ్‌లో మాత్రం ఆ 61 ఫొటోల్లోంచి 38 పెద్దవిగా పడ్డాయి. మిగతావి చిన్న చిన్న డబ్బాల్లో సర్దాడు. అక్షింతల చెయ్యి ఫొటోని అక్క పట్టుబట్టి పూర్తి షీటుకి వేయించుకుంది.

మొత్తం ఖర్చు: 1,010.

మిగిలిన పని: 70-300కి ఫోకస్ సవరణ ఇంకా చూడలేదు. 300 ఎంఎంకి 25 రెట్లంటే కనీసం ఏడున్నర మీటర్ల దూరం కావాలి. మా డాబా పొడవు 6.4. ఈ ఆదివారం పొద్దున పాలవాడు వచ్చి వెళ్లాక సందులో అట్ట, స్కేలు పెట్టి చూస్తాను. నా కెమెరా జూమ్ మొత్తానికి ఒకే అంకె తీసుకుంటుంది కాబట్టి 300 దగ్గర సరిచేస్తే 70 దగ్గర ఏమవుతుందో కూడా రాసుకోవాలి.